దారికి సరిపడా జనం

సెన్సస్ వాళ్ళు జిల్లాకొకటి చొప్పున ఒక పుస్తకం వేస్తారు. దాని పేరు డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్. కథలూ కవిత్వాలూ చదివే వాళ్ళు దాని జోలికి పోరు, పోవాల్సిన పనీ పెద్దగా పడదు. కానీ ఒకసారి తెరిస్తే మూయబుద్ధి కాదు. ఊరికొక వరస. ఊరి పేరు, విస్తీర్ణం, ఇళ్ళెన్ని, మనుషులెంతమంది, అందులో ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు. తర్వాత బడి ఉందా, ఆసుపత్రి ఉందా, తపాలా ఆఫీసుందా, బస్సు వస్తుందా, రైలు స్టేషనుందా, ఊరిదాకా పక్కా రోడ్డుందా. లేకపోతే ఆ గడిలో ఒక అక్షరం వేస్తారు. అయిదు కిలోమీటర్లలోపు దొరికేదైతే ఎ. అయిదు నుంచి పదిలోపు అయితే బి. పది దాటితే సి. పది దాటాక పదకొండైనా నలభైయైనా అదే అక్షరం. కొండ ఎక్కి దిగే పది కిలోమీటర్లూ, తారు రోడ్డు మీద పది కిలోమీటర్లూ కూడా అక్కడ ఒకటే.

ఆ పుస్తకంలో ఎడమవైపు ఉండే జనాభా గడికీ, కుడివైపు ఉండే రోడ్డు గడికీ మధ్య సంబంధం ఏమిటన్నది నన్ను చాన్నాళ్ళుగా వదలని ప్రశ్న. తక్కువమంది ఉన్నారు కాబట్టి రోడ్డు రాలేదా, రోడ్డు లేదు కాబట్టి తక్కువమంది మిగిలారా? ఆఫీసుల్లో మొదటి మాటే చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు చరిత్ర చూస్తే మాత్రం ఇంకో సంగతి తేలుతుంది. ఇక్కడ దారులు వేసిన వాళ్ళు జనాన్ని లెక్కపెట్టి వేసింది చాలా తక్కువ. దారి వేయలేం అని చెప్పాల్సి వచ్చినప్పుడే తలలు లెక్కపెట్టారు.

ముందు ఊళ్ళ పేర్లు చూద్దాం. ఆమదాలవలస, కొత్తవలస, నాతవలస, రావివలస, జొన్నవలస, జియ్యమ్మవలస. ఈ రెండు జిల్లాల్లో ఏ మండలం మ్యాపు తీసినా 'వలస' అన్న ముక్క చివర తగిలించుకున్న ఊరు తగలక మానదు. వలస అంటే ఇప్పుడు మనకి వెళ్ళిపోవడం. ఆ ఊళ్ళకి పేర్లు పెట్టిన కాలంలో అది వచ్చి దిగడం. ఎక్కడినుంచో నాలుగు కుటుంబాలు కదిలి వచ్చి, నీళ్ళూ కాస్త చదును నేలా చూసుకుని గుడిసెలు వేసుకుంటే అదొక వలస. ఒకే మాట వందేళ్ళలో రాకడ నుంచి పోకడకి తిరిగిపోయింది.

ఈ వలసల్లో మూడు ఇప్పుడు రవాణాకి కూడళ్ళు కావడం సరదా సంగతి. నాతవలస దగ్గర రాయపూర్ నుంచి దిగొచ్చే జాతీయ రహదారి కోస్తా రహదారిలో కలుస్తుంది. కొత్తవలస రైల్వే జంక్షను. ఆమదాలవలసలో ఉన్న స్టేషను పేరు 'శ్రీకాకుళం రోడ్'. రైల్వే వాళ్ళ భాషలో పేరు చివర 'రోడ్' అని ఉంటే, ఆ పట్నం ఇక్కడ లేదు, రోడ్డెక్కి వెళ్ళాలి అని అర్థం. శ్రీకాకుళం పట్నం అక్కడికి పది పన్నెండు కిలోమీటర్లు. జిల్లా కేంద్రానికే స్టేషను లేదు, పక్కనున్న వలసకి ఉంది. హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చిన స్నేహితులు ప్లాట్‌ఫాం మీద దిగి అటూ ఇటూ చూసి "ఊరేదీ?" అనడం ఇక్కడ పాత జోకు.

ఆ రైలు ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 1866 కరువు ఒరిస్సాలో లక్షలమందిని తినేసింది. గంజాం జిల్లా దాకా పాకింది. అప్పట్లో చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, గంజాం జిల్లాలోదే. ఆ కరువులో ఒరిస్సా తీరానికి బియ్యం చేర్చడమే కష్టమైంది, చేరినవాటిని వానాకాలంలో లోపలి ఊళ్ళకి తరలించే దారులు లేవు. తర్వాత వేసిన కరువు కమిషన్లు రైళ్ళు కావాలని రాశాయి. చివరికి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా 1893–96 మధ్య లైను వేసింది. 1902 నాటికి ఉత్తరపు ముక్క బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. కరువు పేరు చెప్పి మొదలైన మాట నిజమే, కానీ గీత గీసింది కలకత్తానీ మద్రాసునీ కలపడానికి. సముద్రం పక్కనే పోయింది. కొండల వైపు తల తిప్పలేదు.

కొండల వైపు ముందు తిప్పింది పర్లాకిమిడి మహారాజు. నౌపడ దగ్గర మెయిన్ లైను నుంచి తన ఊరిదాకా సుమారు 40 కిలోమీటర్ల నేరోగేజ్ సొంతంగా వేయించుకున్నాడు, 1900లో రైలు నడిచింది. టెక్కలి, పాతపట్నం మీదుగా వెళ్ళే ఆ చిన్న రైలు 1931 నాటికి గుణుపూర్ చేరింది, 2004 దాకా నడిచింది. తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. విజయనగరం నుంచి పార్వతీపురానికి 1908–09లో లైను, బొబ్బిలి నుంచి సాలూరుకి 1913లో కొమ్మ, 1931లో రాయపూర్ దాకా పూర్తి. విశాఖ హార్బరు 1933లో తెరిచారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు. మధ్య పరగణాల సరుకు ఓడ ఎక్కడానికి దారి కావాలి, ఆ దారి మధ్యలో పార్వతీపురం పడింది. సాలూరు కొమ్మ మీద చాలా ఏళ్ళు ఒంటి పెట్టె రైలుబస్సు నడిచేది, కోవిడ్‌తో అది ఆగింది. సాలూరు వాళ్ళు అంతకు చాలా ముందే లారీల మీదికి మళ్ళారు. ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న ఊరు కదా, ఉత్తరాంధ్రలో లారీల ఊరు అంటే సాలూరే.

మహారాజుకి రాజధాని, కంపెనీకి సరుకు, సర్కారుకి రేవు. వీటిలో ఏ లైనుకీ "దారిలో ఊళ్ళెన్ని, జనమెంత" అనేది ప్రశ్న కాలేదు. జనం తర్వాత ఎక్కారు. ఎక్కి, ఎక్కువగా వెళ్ళిపోయారు.

*

నిజానికి ఆ రైలుకన్నా ముందే సముద్రం మీద దారి ఉంది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల దగ్గర స్టీమరు దూరంగా ఆగేది, కెరటాలు దాటించడానికి పడవలు. అక్కణ్ణుంచి రంగూన్. ఇక్కడి నోట అది 'రంగం'. "మా తాత రంగం ఎళ్ళేడు" అన్న మాట ఈ తీరంలో ఇప్పటికీ ముసలివాళ్ళ దగ్గర వినపడుతుంది. వరికోతలకీ, రైసు మిల్లులకీ, రేవులో మూటలు మోయడానికీ వెళ్ళేవారు. కొందరు ఏడాదికో రెండేళ్ళకో తిరిగొచ్చేవారు, కొందరు రాలేదు. 1931లో బర్మాలో లెక్కకొచ్చిన భారతీయులు పది లక్షలు దాటారు. అంతకు ముందేడు, 1930 మే నెలలో, రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ చోట్లో బర్మా కూలీల్ని తెచ్చారు, సమ్మె తేలాక వాళ్ళని తీసేశారు. వీధుల్లో జరిగిన మారణకాండలో చచ్చిపోయినవాళ్ళు ఎక్కువగా మనవాళ్ళే. 1942లో జపాన్ బాంబులు పడ్డాక స్టీమరు దొరకనివాళ్ళు అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచొచ్చారు. 1960లలో మిగిలిన వాళ్ళనీ అక్కడి సైనిక ప్రభుత్వం తరిమేసింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేట ఆ జ్ఞాపకమే.

ఒక్క విషయం ఇక్కడ ఆగి ఆలోచించాలి. కళింగపట్నం పక్క పల్లెలో ఉన్న కూలికి 1900 ప్రాంతంలో వెయ్యి కిలోమీటర్లు దాటి ఉన్న రంగూన్ చేరడానికి దారి ఉంది, టిక్కెట్టు అప్పిచ్చే మేస్త్రీ ఉన్నాడు, అవతల పని ఉంది. అదే మనిషికి సాలూరు కొండల అవతల ఉన్న జయపురం చేరడం అంతకన్నా కష్టం. దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం మనకి అలవాటైపోయింది గానీ, దారి ఎవరికి లాభమో వాళ్ళు ఏ దూరాన్నైనా దగ్గర చేస్తారు.

రైలొచ్చాక దిక్కులు పెరిగాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు పెట్టింది, అదే కంపెనీ లైను విజయనగరం దాకా ఉంది, కూలికి రైలెక్కితే చాలు. ఖరగ్‌పూర్‌లో ఇవాళ్టికీ తెలుగు పేటలున్నాయి. తర్వాత భిలాయి, చెన్నై, హైదరాబాదు. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకెళ్ళిన మన మత్స్యకారులు వేరావల్ నుంచి వేటకెళ్ళిన వాళ్ళే, 'తండేల్' చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో అక్కడ చిక్కుపడ్డ ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేలకి పైనే, వాళ్ళని బస్సులు వేసి తెచ్చారు. 2014 జూన్ 28న చెన్నై పక్క మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల కూలీలు. ఆ వారం ఊళ్ళకి శవాలు అంబులెన్సుల్లో వచ్చాయి. బతికున్నప్పుడు అంబులెన్సు చూడని ఊళ్ళు కూడా అందులో ఉండే ఉంటాయి.

ఇదంతా జనాభా గడిలో ఎలా కనిపిస్తుంది? 2011 లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, విజయనగరం 23,44,474. పదేళ్ళలో పెరుగుదల శ్రీకాకుళంలో ఆరున్నర శాతం, విజయనగరంలో నాలుగుకి కాస్త పైన. ఉమ్మడి రాష్ట్రం మొత్తమ్మీద 11 శాతం. వెయ్యిమంది మగవాళ్ళకి శ్రీకాకుళంలో 1015 మంది ఆడవాళ్ళు, విజయనగరంలో 1019. రాష్ట్రం సగటు 993. ఆరేళ్ళలోపు పిల్లల్లో మాత్రం ఈ జిల్లాల్లోనూ ఆడపిల్లలే తక్కువ. అంటే పుట్టేటప్పుడు మగపిల్లలెక్కువ, ఎదిగేసరికి మగవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళు కాస్త ఎక్కువకాలం బతుకుతారు, కాన్పులూ తగ్గాయి, అన్నీ వలస ఖాతాలో వేయకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఇది కొత్త సంగతి కాదు. వందేళ్ళ కిందటి మద్రాసు సెన్సస్ వాళ్ళు కూడా గంజాంలో ఆడవాళ్ళెక్కువ ఉండటం చూసి బర్మా వైపే వేలు చూపించారు.

ఇంకో చిక్కుంది. 2011లో జనం లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. ఆ రోజులన్నీ ఊళ్ళో లేనివాణ్ణి ఆ ఊళ్ళో రాయరు. ఎక్కడుంటే అక్కడ రాస్తారు, రాస్తే. ఉత్తరాంధ్ర పల్లె క్యాలెండరు తెలిసిన వాళ్ళకి ఇది ఎంత తేడానో తెలుసు. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నైల నుంచి వచ్చే రైళ్ళలో కాలు పెట్టే సందుండదు. కనుమ మర్నాటి నుంచి అదే జనం వెనక్కి. ఫిబ్రవరి వచ్చేసరికి అరుగుల మీద ముసలివాళ్ళూ, బడికి పోయే పిల్లలూ మిగులుతారు. లెక్కను మూడు వారాలు ముందుకి జరిపితే ఎన్నో ఊళ్ళ జనాభా గడిలో అంకె మారిపోయేది. ఏ ఊరి అసలు జనాభా ఎంత అనేది కాబట్టి తేదీ మీద ఆధారపడే ప్రశ్న. ఆ అంకె మీద రోడ్డు ఆధారపడకపోతే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆధారపడింది.

*

2000 డిసెంబరు 25న కేంద్రం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలుపెట్టింది. ఈ దేశంలో పల్లె రోడ్లకి జరిగిన మేళ్ళలో అది పెద్దది, దాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. దానికొక నియమం ఉంది. మైదానంలో ఆవాసానికి 500 మంది ఉండాలి, అయిదో షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతాల్లో 250. లెక్క 2001 సెన్సస్‌ది. దగ్గరదగ్గరగా ఉన్న గూడేల్ని కలిపి ఒకటిగా చూడొచ్చు, మైదానంలో అర కిలోమీటరు లోపుంటే, కొండ ప్రాంతాల్లో నడకదారి కిలోమీటరున్నర లోపుంటే. ఢిల్లీలో కూర్చున్న వాళ్ళకి ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీశారు.

ఆ గీత సాలూరు, పార్వతీపురం, సీతంపేట కొండల మీద ఎలా పడిందో చూడాలి. అక్కడి జాతాపు, సవర, కొండదొర, గదబ ఊళ్ళు ఎందుకు చిన్నవిగా ఉంటాయో కొండ ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది. ఊటనీళ్ళు ఎన్ని కుటుంబాలకి సరిపోతే అన్ని కుటుంబాలే. పోడు ఎంత దూరం నడిచి చేయగలిగితే అంత మేరే. కుటుంబాలు పెరిగితే కొందరు పక్క వాలుకి పోయి ఇంకో గూడ, ఇంకో వలస కట్టుకుంటారు. మన మాటలో ఊరు పెరిగితే పేటలవుతాయి, అక్కడ ఊరు పెరిగితే రెండవుతుంది. అది వాళ్ళు తరాలుగా నేర్చుకున్న తెలివి. ఆ తెలివే 250 గీత దగ్గర నేరమైంది.

పైగా కొండమీదున్న గిరిజన ఊళ్ళన్నీ అయిదో షెడ్యూల్లో లేవు. శృంగవరపుకోట మండలం దారపర్తి పంచాయతీ కొండ ఊళ్ళలాంటివి షెడ్యూలు బయటే ఉండిపోయాయి. అంటే కాగితం ప్రకారం వాళ్ళది మైదానం, అక్కడ గీత 250 కూడా కాదు. దారపర్తి వైపు నుంచి డోలీ వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

డోలీ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక పొడుగాటి కర్ర, దానికి ఉయ్యాలలా కట్టిన దుప్పటో చీరో. అందులో మనిషి. ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు, పక్కన భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు ముగ్గురు. అంటే ఒక మనిషికి జబ్బు చేస్తే నలుగురైదుగురు మగవాళ్ళు ఊళ్ళో ఉండాలి. అందరూ వలసపోయిన ఊళ్ళో డోలీ మోయడానికి కూడా జనం చాలరు. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 వచ్చింది, కానీ అది రోడ్డు ఆగినచోట ఆగుతుంది. అక్కడిదాకా డోలీయే. 2018 సెప్టెంబరులో సాలూరు మండలంలో ఇలా మోసుకొస్తున్న ఒక గర్భిణి దారిలో, అడవిలోనే ప్రసవించింది. పక్కనున్న కుర్రాడు ఫోన్లో తీసిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ ఏడాదే సాలూరులో గిరిజన గర్భిణులకి వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే దిగువకి తీసుకొచ్చి, కాన్పయ్యేదాకా అక్కడే ఉంచుతారు. ఎన్నో ప్రాణాలు కాపాడిన ఏర్పాటది, ఆ పని మొదలెట్టిన అధికారులకి దణ్ణం పెట్టాలి. అయినా సరే, ఊరికి రోడ్డు వేయడానికి బదులు కడుపుతో ఉన్న మనిషిని రోడ్డు దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టాం అనే మాట నోటిదాకా వస్తుంది.

కొండల్లో రోడ్డు వేయడం కష్టం, ఖర్చు. ఇది ఎప్పుడూ చెప్పే జవాబు. అదే శృంగవరపుకోట మీదుగా కొండెక్కే రైలు లైను ఒకటుంది. జపాన్‌కి బైలదిల్లా ఇనపరాయి పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ లైను అది. అరకు వెళ్ళినవాళ్ళందరూ అందులో సొరంగాలు లెక్కపెట్టి ఉంటారు. దాని మీద శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అరవయ్యేళ్ళ కిందటి యంత్రాలతో, కొండ తొలిచి, బ్రాడ్‌గేజ్ రైలుని అంత ఎత్తుకి ఎక్కించగలిగాం. కొండ అడ్డం రాలేదు, ఎందుకంటే అవతల రాయి ఉంది. కొండ ఊరికి జీపు వెళ్ళే దారి దగ్గరికొచ్చేసరికి మాత్రం కొండ కొండంత అవుతుంది.

రాయి లేకపోయినా దారొచ్చే సందర్భం ఇంకోటుంది, భయం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకి నడిచి వెళుతున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం అక్కణ్ణుంచి రాజుకుంది. ఆ తర్వాతే ప్రభుత్వానికి ఈ కొండల్లో పోలీసు జీపు ఎక్కడిదాకా పోతుంది అనే ఆలోచన గట్టిగా పుట్టింది, ఐటీడీఏలూ ఆ తర్వాతి దశాబ్దంలోనివే. సడక్ యోజనలో కూడా తర్వాత తీవ్రవాద ప్రభావిత బ్లాకులకి గీతను 250 నుంచి 100కి తగ్గించారు. తుపాకీ ఉన్నచోట వందమంది చాలు. ఇది వెటకారం కాదు, మార్గదర్శకాల్లో ఉన్నదే.

ఇక పోటీ. సాలూరు మండలానికీ ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకీ మధ్య కొఠియా ఊళ్ళున్నాయి. ఇరవైకి పైబడిన కొండ పల్లెలు. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు అక్కడ సరిహద్దు సరిగా తేల్చలేదు. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2006లో కోర్టు ఇది మేం తేల్చేది కాదు, ఉన్నదున్నట్టు ఉంచండి అంది. ఈలోగా సాలూరు తాలూకా శ్రీకాకుళం జిల్లాలోంచి 1979లో విజయనగరంలోకి, 2022లో పార్వతీపురం మన్యంలోకి మారింది. కొఠియా మాత్రం అక్కడే, ఇద్దరిదీ, ఎవరిదీ కాకుండా. అక్కడి వాళ్ళలో చాలామందికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు. గంజాయిభద్ర, పట్టుచెన్నేరు, పగులుచెన్నేరుల్లో 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం అని మళ్ళీ సుప్రీంకోర్టుకి పోయింది. అదే ఏడాది నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఏళ్ళ తరబడి దిక్కులేని ఆ ఊళ్ళకి ఈ గొడవ ముదిరాక ఒడిశా వైపు నుంచి రోడ్లు, బడులు, ఆసుపత్రి వచ్చాయి, ఇటువైపు నుంచి పింఛన్లూ పథకాలూ వచ్చాయి. అక్కడ 250 ఉన్నారా లేదా అని ఎవరూ అడగలేదు. రెండు రాష్ట్రాలు నావాళ్ళంటే నావాళ్ళని రెండేసిసార్లు లెక్కపెట్టుకున్న జనం వాళ్ళు. తగాదా లేని పక్క పంచాయతీలో అంతే చిన్న ఊరు ఒక్కసారి లెక్కకొచ్చి, ఆ లెక్క చాలక, అలాగే ఉండిపోయింది.

ఆ పక్క పంచాయతీల్లో కొదమ ఒకటి. అక్కడి కొండ ఊళ్ళవాళ్ళు 2020 ఆగస్టులో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇంటింటికీ డబ్బు వేసుకుని, మిషన్ తెచ్చి, ఒడిశా వైపు బారి దాకా రోడ్డు తామే తవ్వుకున్నారు. ఒక సినిమా నటుడు మెచ్చుకుంటూ ట్వీట్ చేయడంతో అది వార్తయింది. వార్తల్లో అందరూ వాళ్ళ ఐకమత్యం గురించి రాశారు. నాకు మాత్రం ఆ రోడ్డు దిక్కు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. సాలూరు వైపు కాదు, ఒడిశా వైపు. ఏ ప్రభుత్వం కింద ఓటేస్తారో అటు కాదు, బండి ఎటు దగ్గరో అటు.

2024 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సాలూరు కొండల్లో బాగుజోల అనే ఊరికి వెళ్ళారు. 36 కోట్ల 71 లక్షలతో 19 రోడ్లు, మొత్తం 39.32 కిలోమీటర్లు, 55 గిరిజన ఆవాసాలు, 3,782 మందికి డోలీ బాధ తప్పుతుంది అని ప్రకటించారు. ఆ అంకెల్ని నేను కాగితం మీద పెట్టి భాగించాను. ఆవాసానికి సగటున 69 మంది. కిలోమీటరుకి 93 లక్షలు. మనిషికి దాదాపు 97 వేలు. మొదటి అంకె చూడండి. 500 కాదు, 250 కాదు, 100 కూడా కాదు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ కూడా, కొండ సవర లాంటి అతి వెనకబడిన తెగల కోసమే పెట్టిన పథకం, ఆవాసానికి 100 మంది ఉండాలంటుంది. ఇరవై నాలుగేళ్ళు గీతలు కిందికి జరుపుతూ వచ్చినా ఈ 55 ఊళ్ళు సగటున ఇంకా గీత కిందే ఉన్నాయి. గీత పక్కన పెట్టినప్పుడే రోడ్డు మంజూరయింది. ఇందులో ఎన్ని రోడ్లు తారుదాకా వస్తాయో, ఎన్ని మొదటి వానకి కొట్టుకుపోతాయో అది వేరే లెక్క. కొండ రోడ్డుకి వేయడం కన్నా నిలబెట్టడం ఎక్కువ ఖర్చు, దానికి శంకుస్థాపనలుండవు.

మనిషికి 97 వేలు ఎక్కువా అనేవాళ్ళుంటారు, ఉన్నారు కూడా. ఇలా తలకింత అని భాగహారం చేసే అలవాటు మనకి చిన్న ఊళ్ళ దగ్గరే గుర్తొస్తుంది. 2023 మే 3న భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన చేసినప్పుడు విజయనగరం జిల్లాలో తలకెంత పడుతుందని ఎవరూ భాగించలేదు. దాని కోసం ఖాళీ చేసిన ఊళ్ళ జనాన్ని మాత్రం పరిహారం కోసం ఒక్కొక్కర్నీ లెక్కపెట్టారు.

రోడ్డొస్తే జనం ఆగిపోతారని నేననడం లేదు. మైదానంలో పక్కా రోడ్డున్న ఊళ్ళ నుంచే ఎక్కువమంది వెళ్ళారు. రోడ్డు వెళ్ళడాన్ని తేలిక చేస్తుంది. కానీ రావడాన్నీ తేలిక చేస్తుంది, పండక్కీ, చావుకీ, కాన్పుకీ. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సుల్లో టిక్కెట్టు లేదు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువున్న ఈ జిల్లాల్లో అది చిన్న మేలేం కాదు. బస్సు గడిలో ఇంకా సి అని ఉన్న ఊళ్ళలో ఆ మేలు అందుకోవాలంటే ముందు పది కిలోమీటర్లు నడవాలి.

2021లో జరగాల్సిన సెన్సస్ 2027కి జరిగింది. ఈసారి పుస్తకాలు కాదు, ఫోన్ యాప్. ఎన్యూమరేటరు ఆ ఫోను పట్టుకుని కొండెక్కాలి, సిగ్నలు లేని చోట రాసుకుని కిందికొచ్చి పంపాలి. జనం లెక్క మళ్ళీ ఫిబ్రవరిలోనే, తేదీ గీత మార్చి 1. అప్పటికి సంక్రాంతికొచ్చిన కుర్రాళ్ళు తిరిగి రైలెక్కేసి ఆరు వారాలవుతుంది.